కై-స్క్వేర్ గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్ పరీక్షను ఎలా చేయాలి: మెండెల్ బఠాణీలు, ప్రష్యా గుర్రాలు, వెల్డన్ పాచికలతో ఒక అభ్యాసం

ఒక సిద్ధాంతం చెప్పిన నిష్పత్తులకూ మన చేతిలో ఉన్న లెక్కలకూ మధ్య తేడా కనిపించినప్పుడు, అది యాదృచ్ఛికంగా వచ్చిన తేడాయేనా, లేక ఆ సిద్ధాంతమే ఈ దత్తాంశానికి సరిపోదా అన్న ప్రశ్న పుడుతుంది. దానికి సమాధానం వెతికే పద్ధతే కై-స్క్వేర్ గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్ పరీక్ష. కార్ల్ పియర్సన్ దీన్ని 1900లో ఫిలసాఫికల్ మ్యాగజైన్ అనే శాస్త్రపత్రికలో ప్రచురించారు. డిగ్రీలో గణాంకశాస్త్రం మొదలుపెట్టిన ప్రతి విద్యార్థీ దీని సూత్రాన్ని కంఠస్థం చేస్తాడు. అయితే తప్పులు సూత్రం దగ్గర చాలా అరుదుగా జరుగుతాయి. ఆశించిన సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చుకోకుండానే లెక్క మొదలుపెట్టడం వల్ల జరుగుతాయి. పరికల్పనను ఎలా రాయాలి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల సంఖ్యలు) ఎన్ని, చివరికి ఏమని చెప్పగలం అన్న మూడు విషయాలూ ఆ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో సూత్రానికి కొంచెమే చోటిచ్చి, ఆశించిన సంఖ్యలకు ఎక్కువ చోటిస్తున్నాను. కాగితం, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ప్రతి లెక్కనూ మీరు కూడా చేస్తూ చదవండి.

మీ దత్తాంశం ఈ పరీక్షకు తగినదేనా

ముందుగా మీ దగ్గరున్న అంకెలు లెక్కపెట్టగా వచ్చిన సంఖ్యలేనా అని చూసుకోండి. ఎన్ని గింజలు, ఎంతమంది మనుషులు, ఎన్ని సంఘటనలు అన్న సంఖ్యలకే ఈ పరీక్ష వర్తిస్తుంది. బరువులు, ఎత్తులు, సగటులు, శాతాలు ఇందులో నేరుగా వేయడానికి వీల్లేదు. శాతాలు వేస్తే ఏం జరుగుతుందో తర్వాత ఒక నిజమైన లెక్కతో చూపిస్తాను.

రెండో విషయం, ప్రతి పరిశీలనా ఏదో ఒక తరగతిలోకి, ఆ ఒక్క తరగతిలోకి మాత్రమే రావాలి. ఒకే వ్యక్తి రెండు జవాబులకు టిక్కు పెట్టే ప్రశ్నాపత్రం నుంచి వచ్చిన లెక్కలు ఇక్కడ పనికిరావు. మూడో విషయం, పరిశీలనలు ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు. యాభైమంది విద్యార్థులను తలా నాలుగుసార్లు అడిగి 200 జవాబులు సేకరిస్తే, వాటిని 200 స్వతంత్ర పరిశీలనలుగా లెక్కించడం తప్పు. ఒకే మనిషి ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఈ మూడో షరతు తప్పితే సూత్రం ఎక్కడా హెచ్చరించదు, అంకె మామూలుగానే వస్తుంది. అందువల్ల దత్తాంశం ఎలా సేకరించారో తెలియకుండా ఈ పరీక్ష చేయవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఒకే వరుసలో పేర్చిన తరగతులకే గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్ పరీక్ష. రెండు లక్షణాలను అడ్డంగా, నిలువుగా పేర్చి, వాటి మధ్య సంబంధం ఉందా అని అడిగితే అది స్వతంత్రతా పరీక్ష అవుతుంది. సూత్రం అదే అయినా, అందులో ఆశించిన సంఖ్యలు కట్టే తీరు వేరు.

మొదటి మెట్టు: దత్తాంశాన్ని చూడకముందే పరికల్పన రాయండి

గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై తాను చేసిన ప్రయోగాలను 1865లో బ్రనోలో వివరించి, 1866లో ప్రచురించారు. వాటిలో ఒక ప్రయోగంలో ఆయన గింజ ఆకారాన్నీ రంగునూ కలిపి పరిశీలించారు. రెండో తరంలో 15 మొక్కల నుంచి మొత్తం 556 గింజలు వచ్చాయి. వాటిలో గుండ్రని పసుపు గింజలు 315, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడుతలుపడిన పసుపువి 101, ముడుతలుపడిన ఆకుపచ్చవి 32. రెండు లక్షణాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా సంక్రమిస్తే ఈ నాలుగు తరగతులూ 9:3:3:1 నిష్పత్తిలో ఉండాలన్నది సిద్ధాంతం.

ఇక్కడ శూన్య పరికల్పనను, అంటే పరీక్షకు నిలబెట్టే వాదనను, ఇలా రాయాలి: గింజ ఈ నాలుగు తరగతుల్లో పడే సంభావ్యతలు వరుసగా 9/16, 3/16, 3/16, 1/16. ప్రత్యామ్నాయ పరికల్పన: వీటిలో కనీసం కొన్ని సంభావ్యతలు ఇవి కావు. రెండో వాక్యాన్ని జాగ్రత్తగా గమనించండి. ఏ సంభావ్యత మారింది, ఎటు మారింది అన్నది అది చెప్పదు. కాబట్టి పరీక్షలో శూన్య పరికల్పన ఓడిపోయినా, దాని స్థానంలో ఏది రావాలో ఈ పరీక్ష మీకు అందించదు.

పరికల్పనలో శాంపిల్ గురించి మాట్లాడకండి. "315 గింజలు 312.75కు సమానం" అని రాసే విద్యార్థులు ఉంటారు, ఆ రెండూ సమానం కావని చూస్తేనే తెలుస్తుంది, దానికి పరీక్ష అక్కర్లేదు. పరికల్పన ఎప్పుడూ గింజలను పుట్టించిన ప్రక్రియ గురించే ఉండాలి. సార్థకతా స్థాయిని (శూన్య పరికల్పన నిజమే అయినా దాన్ని పొరపాటున తిరస్కరించడానికి మనం ఒప్పుకునే సంభావ్యతను) కూడా ఈ దశలోనే నిర్ణయించి రాసిపెట్టండి. ఇక్కడ మనం 5 శాతం తీసుకుందాం.

రెండో మెట్టు: ఆశించిన సంఖ్యలు

ప్రతి తరగతి సంభావ్యతనూ మొత్తం పరిశీలనల సంఖ్యతో గుణించండి. 556ను 16తో భాగిస్తే 34.75 వస్తుంది. దాన్ని 9తో గుణిస్తే 312.75, 3తో గుణిస్తే 104.25. వీటిని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించవద్దు. గింజ ముప్పావు ఉండదు కదా అనిపించవచ్చు కానీ, ఆశించిన సంఖ్య అంటే అదే ప్రయోగాన్ని ఎన్నోసార్లు చేస్తే వచ్చే సగటు, దానికి దశాంశాలు సహజం. ఆశించిన సంఖ్యలన్నీ కూడితే సరిగ్గా 556 రావాలి. రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతకండి.

ఈ మెట్టులోనే ఇంకొక విషయం తేల్చుకోవాలి. 9:3:3:1 అన్న నిష్పత్తి ఈ 556 గింజలను చూసి తయారుచేసింది కాదు, సంక్రమణ గురించిన ఆలోచన నుంచి వచ్చింది. దత్తాంశం నుంచి మనం అరువు తెచ్చుకున్నది మొత్తం సంఖ్య ఒక్కటే. ఈ వాక్యాన్ని మీ నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి, నాలుగో మెట్టులో ఇదే అవసరమవుతుంది.

ఆశించిన సంఖ్య ఏ తరగతిలోనూ మరీ చిన్నదిగా ఉండకూడదు. ప్రతి తరగతిలోనూ కనీసం 5 ఉండాలన్నది తరగతి గదుల్లో చెప్పే నియమం. విలియం కాక్రన్ 1954లో దీన్ని కొంత సడలించారు: ఏ తరగతిలోనూ 1కి తగ్గకుండా, 5కి తగ్గిన తరగతులు మొత్తంలో ఐదో వంతుకు మించకుండా ఉంటే చాలన్నారు. నియమం ఆశించిన సంఖ్యలకే తప్ప పరిశీలించిన సంఖ్యలకు కాదు. పరిశీలించిన సంఖ్య సున్నా అయినా ఇబ్బంది లేదు. ప్రయోగం ఇంకా మొదలుపెట్టకపోతే ఈ నియమం ఎంత దత్తాంశం కావాలో కూడా చెబుతుంది. 9:3:3:1లో అతి చిన్న భాగం పదహారో వంతు కాబట్టి, అందులో 5 రావాలంటే కనీసం 80 గింజలు కావాలి.

మూడో మెట్టు: లెక్క

ప్రతి తరగతిలోనూ పరిశీలించిన సంఖ్య నుంచి ఆశించిన సంఖ్యను తీసివేసి, వచ్చిన తేడాను వర్గం చేసి, దాన్ని ఆశించిన సంఖ్యతో భాగించండి. వచ్చిన భాగఫలాలన్నిటినీ కూడితే కై-స్క్వేర్ విలువ వస్తుంది.

| తరగతి | పరిశీలించినది | ఆశించినది | తేడా | తేడా వర్గం ÷ ఆశించినది |
|---|---|---|---|---|
| గుండ్రని పసుపు | 315 | 312.75 | 2.25 | 0.016 |
| గుండ్రని ఆకుపచ్చ | 108 | 104.25 | 3.75 | 0.135 |
| ముడుతల పసుపు | 101 | 104.25 | −3.25 | 0.101 |
| ముడుతల ఆకుపచ్చ | 32 | 34.75 | −2.75 | 0.218 |
| మొత్తం | 556 | 556 | 0 | 0.470 |

తేడాల మొత్తం సున్నా రావడం మొదటి సరిచూపు. రెండో సరిచూపు కూడా చేయమని నా సలహా: ప్రతి పరిశీలించిన సంఖ్యనూ వర్గం చేసి, ఆశించిన సంఖ్యతో భాగించి, అన్నిటినీ కూడి, అందులోంచి మొత్తం సంఖ్యను తీసివేయండి. ఇక్కడ 317.266, 111.885, 97.851, 29.468 కలిపితే 556.470, అందులోంచి 556 పోతే 0.470. రెండు దారుల్లోనూ ఒకే విలువ వచ్చింది కాబట్టి లెక్క సరైనదే.

ఆశించిన సంఖ్యతో ఎందుకు భాగించాలన్నది చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న. 20 ఆశించిన చోట 10 తేడా రావడం పెద్ద విషయం, 1000 ఆశించిన చోట అదే 10 తేడా లెక్కలోకి రానిది. యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గుల వర్గం ఆశించిన సంఖ్యతో పాటు పెరుగుతుంది కాబట్టి, దానితో భాగిస్తేనే చిన్న తరగతులనూ పెద్ద తరగతులనూ ఒకే కొలతలో కూడగలం. ఈ మొత్తానికి ఇంకా లోతైన ఆధారం కూడా ఉంది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో స్కోర్ పరీక్ష అనే సాధారణ సూత్రాన్ని ప్రతిపాదించారు. తరగతులుగా విభజించిన లెక్కలకు ఆ సూత్రాన్ని వర్తింపజేస్తే, పియర్సన్ 1900లో వేరే దారిలో చేరుకున్న ఈ మొత్తమే వస్తుంది.

నాలుగో మెట్టు: డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పట్టిక విలువ

మొత్తం 556 అని తెలిశాక, నాలుగు తరగతుల్లో మూడింటి సంఖ్యలే స్వేచ్ఛగా మారగలవు. నాలుగోది మిగిలిన దానితో తేలిపోతుంది. కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3. సాధారణ నియమం ఇది: తరగతుల సంఖ్య నుంచి ఒకటి తీసివేయండి, ఆశించిన సంఖ్యలు కట్టడానికి దత్తాంశం నుంచి ఇంకేమైనా అంచనా వేసి ఉంటే, ఒక్కో అంచనాకు ఇంకొకటి చొప్పున తీసివేయండి. ఈ రెండో భాగాన్ని పియర్సన్ సరిగ్గా పట్టించుకోలేదు. దాన్ని 1920లలో రోనాల్డ్ ఫిషర్ సరిదిద్దారు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ శాంపిల్ పరిమాణం మీద కాక తరగతుల సంఖ్య మీద ఆధారపడి ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. 555 అని రాస్తే లెక్క మొత్తం తప్పుతుంది.

5 శాతం స్థాయిలో పట్టిక విలువలు (మన విలువ వీటిని దాటితేనే శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1కి 3.841, 2కి 5.991, 3కి 7.815, 4కి 9.488, 5కి 11.070, 10కి 18.307. మన విలువ 0.470, పట్టిక విలువ 7.815. మన విలువ చాలా తక్కువ కాబట్టి శూన్య పరికల్పనను తిరస్కరించలేం. పి-విలువ సుమారు 0.925. అంటే 9:3:3:1 నిజమే అయితే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ నూటికి 92 సార్లకు పైగా వస్తుంది.

ఐదో మెట్టు: ఏమని చెప్పాలి, ఏమని చెప్పకూడదు

"మెండెల్ నిష్పత్తి రుజువైంది" అని ఇక్కడ రాయాలనిపిస్తుంది. రాయవద్దు. ఎందుకో మాటల్లో చెప్పడం కన్నా లెక్కలో చూడటం మేలు. అవే 556 గింజలను ఏ జన్యుశాస్త్ర ఆధారమూ లేని 10:3:3:1 నిష్పత్తితో పోల్చి చూడండి. ఆశించిన సంఖ్యలు 327.06, 98.12, 98.12, 32.71 అవుతాయి. కై-స్క్వేర్ విలువ 1.54 వస్తుంది. అది కూడా 7.815 కన్నా చాలా తక్కువే. అంటే ఈ దత్తాంశం రెండు నిష్పత్తులనూ తిరస్కరించలేదు, రెండూ ఒకేసారి రుజువు కావడం అసాధ్యం. కాబట్టి రాయవలసిన వాక్యం ఇది: ఈ దత్తాంశం 9:3:3:1 నిష్పత్తికి విరుద్ధంగా లేదు. ఆ నిష్పత్తిని నమ్మడానికి బలం సిద్ధాంతం నుంచీ మెండెల్ చేసిన ఇతర ప్రయోగాల నుంచీ వస్తుంది.

మామూలుగా పెద్ద విలువలుండే కుడి చివరనే చూస్తాం, ఎందుకంటే తేడాలను వర్గం చేశాం కాబట్టి సరిపోకపోవడం ఎటువైపు ఉన్నా విలువ పెరుగుతుంది. అయితే చిన్న విలువలుండే ఎడమ చివర కూడా ఒక సంగతి చెబుతుంది. కై-స్క్వేర్ విలువ సగటున డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు సమానంగా ఉండాలి. 1936లో ఫిషర్ మెండెల్ ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కించగా, 84 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు మొత్తం విలువ 41.6 మాత్రమే వచ్చింది. యాదృచ్ఛికత్వం వదిలిపెట్టే హెచ్చుతగ్గులు కూడా అందులో లేవు. దత్తాంశం సిద్ధాంతానికి ఉండవలసినంత కన్నా దగ్గరగా ఉంది. ఏం రావాలో తెలిసిన సహాయకుడెవరైనా లెక్కలను అటువైపు మొగ్గించి ఉండవచ్చని ఫిషర్ సూచించారు. దాని మీద దశాబ్దాల పాటు చర్చ జరిగింది. ఒక్క ప్రయోగంలో 0.470 రావడం అనుమానించదగింది కాదు. ప్రయోగం తర్వాత ప్రయోగంలో అలాగే రావడమే ప్రశ్నకు దారితీసింది.

సిద్ధాంతం పూర్తిగా సంఖ్యలు ఇవ్వనప్పుడు: ప్రష్యా అశ్వికదళం

కొన్నిసార్లు సిద్ధాంతం ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, అందులోని సంఖ్యను దత్తాంశం నుంచే తీసుకోవలసి వస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో పాయిజాన్ విభాజనం (అరుదైన సంఘటనలు ఎన్నిసార్లు జరుగుతాయో వాటి సగటు నుంచి చెప్పే సంభావ్యతల నమూనా) చదివినవారికి ఈ ఉదాహరణ దగ్గరగా ఉంటుంది. లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ 1898లో ప్రచురించిన పుస్తకంలో, ప్రష్యా సైన్యంలో గుర్రం తన్నడం వల్ల చనిపోయిన సైనికుల లెక్కలు ఇచ్చారు. 1875 నుంచి 1894 దాకా 20 ఏళ్లు, పది దళాలు తీసుకుంటే 200 దళ-సంవత్సరాలు, అంటే ఒక్కో దళానికి ఒక్కో ఏడాది ఒక లెక్క. వాటిలో 109 సందర్భాల్లో ఒక్క మరణమూ లేదు, 65లో ఒకటి, 22లో రెండు, 3లో మూడు, 1లో నాలుగు.

మొత్తం మరణాలు 122, సగటు 0.61. ఈ సగటును మనం దత్తాంశం నుంచే తీసుకున్నాం, పాయిజాన్ సిద్ధాంతం దాన్ని ఇవ్వలేదు. 0.61ను సూత్రంలో వేస్తే సున్నా మరణాల సంభావ్యత 0.5434. దాన్ని 0.61తో గుణిస్తే ఒక మరణం సంభావ్యత 0.3314, మళ్లీ 0.61తో గుణించి 2తో భాగిస్తే రెండు మరణాలది 0.1011. మిగిలినదంతా మూడు లేదా అంతకన్నా ఎక్కువ మరణాలది. 200తో గుణించగా ఆశించిన సంఖ్యలు 108.67, 66.29, 20.22, 4.82.

చివరి తరగతిని "మూడు" అని కాక "మూడు లేదా ఎక్కువ" అని తీసుకోవడం తప్పనిసరి. ఐదు, ఆరు మరణాలు ఎప్పుడూ కనిపించకపోయినా పాయిజాన్ విభాజనం వాటికీ కొంత సంభావ్యత ఇస్తుంది. దాన్ని వదిలేస్తే ఆశించిన సంఖ్యల మొత్తం 200కు చేరదు. మూడునూ నాలుగునూ కలిపాక కూడా ఆశించినది 4.82, ఐదుకు కొంచెం తక్కువ. కాక్రన్ నియమం ప్రకారం చూస్తే నాలుగింట్లో ఒకటి, అంటే పాతిక శాతం తరగతులు ఐదుకు తగ్గాయి కాబట్టి గీత దాటినట్టే. నా మటుకు నేను 4.82ను అంగీకరిస్తాను, ఎందుకంటే తరగతిని కలిపేసిన ప్రతిసారీ తేడాను పసిగట్టే శక్తి కొంత పోతుంది. కఠినంగా ఉండదలిస్తే చివరి రెండు తరగతులనూ కలిపి కూడా చేసి చూడండి.

నాలుగు తరగతులతో కై-స్క్వేర్ విలువ 0.32 వస్తుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఇప్పుడు 3 కాదు. నాలుగులోంచి మొత్తానికి ఒకటి, సగటుకు ఒకటి తీసివేయగా 2 మిగులుతాయి. పట్టిక విలువ 5.991, పి-విలువ 0.85. చివరి రెండూ కలిపి మూడు తరగతులు చేస్తే విలువ 0.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1, పట్టిక విలువ 3.841. రెండు విధాలా పాయిజాన్ విభాజనాన్ని తిరస్కరించలేం. సగటును దత్తాంశం నుంచి తీసుకున్నప్పుడు వక్రరేఖ దత్తాంశం వైపు కొంత జరిగి కూర్చుంటుంది. ఆ సౌకర్యానికి మూల్యంగానే ఒక డిగ్రీని వదులుకుంటున్నాం.

తిరస్కరించాక చేయవలసిన పని: వెల్డన్ పాచికలు

వాల్టర్ వెల్డన్ 12 పాచికలను 26,306 సార్లు వేయగా ప్రతిసారీ ఎన్ని పాచికలపై 5 లేదా 6 పడ్డాయో లెక్కించారు. పియర్సన్ తన 1900 నాటి వ్యాసంలో ఈ దత్తాంశాన్నే వాడారు. పాచిక నిష్పాక్షికమైతే 5 లేదా 6 పడే సంభావ్యత 1/3. 12 పాచికలకు ద్విపద విభాజనంతో (ఒకే సంభావ్యత గల ప్రయత్నాల్లో ఎన్ని ఫలిస్తాయో చెప్పే నమూనాతో) ఆశించిన సంఖ్యలు కట్టవచ్చు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఆశించినవి 202.75, 1216.50, 3345.37, 5575.61, 6272.56, 5018.05, 2927.20, 1254.51, 392.04, 87.12. పరిశీలించినవి 185, 1149, 3265, 5475, 6114, 5194, 3067, 1331, 403, 105.

పది, పదకొండు, పన్నెండు వద్ద ఆశించినవి 13.07, 1.19, 0.05, పరిశీలించినవి 14, 4, 0. వీటిని విడివిడిగా ఉంచితే పదకొండు దగ్గర ఒక్క గడే మొత్తానికి ఆరున్నరకు పైగా కలుపుతుంది. 26 వేల విసుర్లలో కేవలం నాలుగు విసుర్లకు అంత బరువు ఇవ్వడం సరికాదు. మూడింటినీ కలిపి 18కి 14.31 అని తీసుకోండి. పదకొండు తరగతులు, 1/3 సిద్ధాంతం నుంచి వచ్చింది కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 10. కై-స్క్వేర్ విలువ 35.49, పట్టిక విలువ 18.307. శూన్య పరికల్పనను తిరస్కరించాలి.

ఇక్కడితో ఆగిపోయేవారే ఎక్కువ, అసలు విషయం మాత్రం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రతి తరగతిలోనూ తేడాను ఆశించిన సంఖ్య వర్గమూలంతో భాగించి, గుర్తును అలాగే ఉంచి రాయండి. సున్నా నుంచి నాలుగు దాకా ఐదు తరగతుల్లోనూ తేడా ఋణాత్మకం. ఐదు నుంచి చివరి తరగతి దాకా అన్నింట్లోనూ ధనాత్మకం. ఏ ఒక్క తరగతిలోనూ ఈ విలువ 2.6 దాటలేదు, కానీ గుర్తుల వరుస మాత్రం ఒక్క చోట కూడా తప్పలేదు. వర్గం చేయడం వల్ల కై-స్క్వేర్ ఈ వరుసను చూడలేదు; మీరే చూడాలి. ఆ వరుస చెబుతున్నది ఒక్కటే: 5, 6 ముఖాలు ఆశించిన దానికన్నా ఎక్కువ పడుతున్నాయి. చుక్కలను గుంటలుగా తొలిచిన పాచికలో ఎక్కువ చుక్కలున్న ముఖం కొంచెం తేలికై పైకి తిరగడం దీనికి సాధారణంగా చెప్పే కారణం.

ఇప్పుడు ప్రశ్నను సూటిగా అడుగుదాం. మొత్తం 3,15,672 పాచికల్లో 1,06,602 చోట్ల 5 లేదా 6 పడింది; ఆశించినది 1,05,224. తేడా 1,378. రెండే తరగతులు, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1, కై-స్క్వేర్ విలువ 27.07. పి-విలువ పది లక్షల్లో ఒకటికన్నా తక్కువ. అయినా నిష్పత్తి 0.3333కు బదులు 0.3377 మాత్రమే. శాంపిల్ చాలా పెద్దదైతే అతి చిన్న తేడా కూడా తిరస్కరణకు దారితీస్తుంది కాబట్టి, ఫలితం రాసేటప్పుడు పి-విలువతో పాటు తేడా ఎంతో కూడా తప్పక రాయాలి.

శాతాల సంగతి ఇక్కడే చూద్దాం. ఇదే దత్తాంశాన్ని 33.77 శాతం, 66.23 శాతం అని మార్చి సూత్రంలో వేస్తే విలువ సుమారు 0.009 అవుతుంది. 27.07 ఉన్నది 0.009కి పడిపోయింది. శాతాలు వేయగానే సూత్రం మీ దగ్గర వంద పరిశీలనలే ఉన్నాయనుకుంటుంది. వంద పరిశీలనలకన్నా తక్కువ ఉన్నప్పుడు శాతాలు వేస్తే దీనికి వ్యతిరేకంగా, లేని సార్థకత పుట్టుకొస్తుంది.

కంప్యూటర్‌లో చేసేటప్పుడు

ఎక్సెల్‌లోని కై-స్క్వేర్ టెస్ట్ ఫంక్షన్‌కు పరిశీలించిన సంఖ్యల వరుస, ఆశించిన సంఖ్యల వరుస ఇవ్వాలి. రెండో చోట నిష్పత్తులు ఇవ్వకూడదు. అది పి-విలువను మాత్రమే ఇస్తుంది, కై-స్క్వేర్ విలువను ఇవ్వదు. ఆర్ భాషలో ఇదే పరీక్షకు సంభావ్యతలు ఇవ్వాలి, వాటి మొత్తం 1 కావాలి. సంభావ్యతలు ఇవ్వడం మరిచిపోతే తరగతులన్నీ సమానమే అనుకుని లెక్క చేసేస్తుంది, తప్పు చూపించదు. మెండెల్ గింజలకు అలా జరిగితే నాలుగింటికీ 139 చొప్పున ఆశించి, మీరు అడగని ప్రశ్నకు జవాబు ఇస్తుంది.

రెండింటికీ ఉన్న ముఖ్యమైన పరిమితి మరొకటి. మీరు సగటును దత్తాంశం నుంచి తీసుకున్నారన్న సంగతి వాటికి తెలియదు. గుర్రాల ఉదాహరణను నేరుగా ఇస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3 అని తీసుకుంటాయి. అలాంటప్పుడు కై-స్క్వేర్ విలువను విడిగా లెక్కించి, సరైన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను మీరే ఇచ్చి, కుడి చివరి సంభావ్యతను అడగండి. రెండింట్లోనూ ఆ సదుపాయం ఉంది.

ఫలితం రాయడం

ఏ సిద్ధాంతంతో పోల్చారు, ఎన్ని పరిశీలనలు, ఎన్ని తరగతులు, కై-స్క్వేర్ విలువ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పి-విలువ, తేడా ఎంత, ఎటువైపు అన్నవి ఒకటి రెండు వాక్యాల్లో రావాలి. తరగతులను కలిపితే వేటిని, ఎందుకు కలిపారో చెప్పాలి. పక్కనే పరిశీలించిన సంఖ్యల పట్టిక ఇవ్వండి. మెండెల్ తన లెక్కలను సంఖ్యలుగా ప్రచురించారు కాబట్టే 70 ఏళ్ల తర్వాత ఫిషర్ వాటిని మళ్లీ పరీక్షించగలిగారు.

గుర్రాల ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను: "200 దళ-సంవత్సరాల మరణాల లెక్కలను, అదే దత్తాంశం నుంచి అంచనా వేసిన 0.61 సగటు గల పాయిజాన్ విభాజనంతో పోల్చాం. మూడు, అంతకన్నా ఎక్కువ మరణాలున్న సందర్భాలను ఆశించిన సంఖ్య చిన్నదైనందున ఒకే తరగతిగా కలిపాం. నాలుగు తరగతులకు కై-స్క్వేర్ విలువ 0.32, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2, పి-విలువ 0.85. ఈ లెక్కలు పాయిజాన్ విభాజనానికి విరుద్ధంగా లేవు."